తీసిన గాలి మళ్లీ చేరుతోందంటే దానికి దారి ఎక్కడో తెరిచే ఉంది

మీ కారు కూలింగ్ వ్యవస్థ గురించి మీరు రాసిన లక్షణాలను ముందు ఒకచోట పెట్టుకుందాం, సగం జవాబు వాటిలోనే ఉంది. రేడియేటర్ కింది గొట్టం కారుతుంటే మీరే మార్చి కొత్త కూలెంట్ (ఇంజన్ వేడిని లాగే ద్రవం) నింపారు. అప్పటి నుంచి స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ల చప్పుడు వస్తోంది. హీటర్ పెడితే ఒకసారి వేడిగాలి, ఒకసారి చల్లగాలి. ఉష్ణోగ్రత ముల్లు ఉన్నట్టుండి లేచి, దానంతట అదే దిగుతోంది. కూలెంట్ దారుల్లో చేరిన గాలిని రెండుసార్లు తీశారు. తీసినప్పుడల్లా రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. రేడియేటర్‌లో మట్టం తగ్గుతోంది, రిజర్వ్ డబ్బాలో మాత్రం తగ్గకపోగా కాస్త పెరిగినట్టుంది. కారు కింద ఒక్క చుక్క కూడా లేదు.

కారణం దొరికేదాకా ఈ కారును దూరప్రయాణానికి తీయకండి. ముల్లు దానంతట అదే దిగుతోంది కదా అని ఊరట పడవద్దు. ఇంజన్ హెడ్‌లో, అంటే సిలిండర్లను పైనుంచి కప్పే భాగంలో, గాలి చేరిన చోట లోహం నుంచి వేడిని లాగే ద్రవం ఉండదు. దాని అంచున ఉన్న కూలెంట్ మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి సెన్సర్‌కు తగిలితే ముల్లు లేస్తుంది, దాటిపోతే దిగుతుంది. సెన్సర్ పూర్తిగా గాలిలోనే మిగిలిపోతే మరీ ప్రమాదం, ఇంజన్ కాగిపోతున్నా ముల్లు నిశ్చింతగా కింద కూర్చుంటుంది. ఇప్పటి ఇంజన్లలో హెడ్ చాలావరకు అల్యూమినియమే, ఒక్కసారి గట్టిగా వేడెక్కినా వంగిపోగలదు. ఈ రోజు మీ ముందున్నది బహుశా ఒక గొట్టానికో మూతకో సంబంధించిన చిన్న పని. హెడ్ వంగితే ఇంజన్ విప్పాల్సి వస్తుంది.

మీరు రాసినదాంట్లో నా దృష్టి ఆగింది ఒక్క మాట దగ్గర. రేడియేటర్‌లో తగ్గుతోంది, డబ్బాలో పెరుగుతోంది. నింపేటప్పుడు మిగిలిపోయిన గాలి అయితే సరిగ్గా ఒకసారి తీస్తే పోతుంది, మళ్లీ రాదు. రెండు రోజులకోసారి తిరిగి వస్తున్నది పాత గాలి కాదు, కొత్తగా లోపలికి వచ్చింది. కాబట్టి మూడోసారి గాలి తీసేముందు అది వచ్చే దారిని వెతకాలి.

ఆ దారి అర్థం కావాలంటే కూలింగ్ వ్యవస్థ రోజూ చేసే పని ఒకటి తెలియాలి. ఇంజన్ వేడెక్కితే కూలెంట్ వ్యాకోచిస్తుంది. లోపలి పీడనం రేడియేటర్ మూత మీద రాసి ఉన్న అంకెకు, చాలా కార్లలో 0.9 నుంచి 1.1 బార్‌కు, చేరగానే మూతలోని పెద్ద స్ప్రింగు వాల్వు లేచి, అదనపు కూలెంట్‌ను సన్న గొట్టం గుండా డబ్బాలోకి పంపుతుంది. ఇంజన్ ఆపాక చల్లారుతుంటే లోపలి ద్రవం కుంచించుకుపోయి శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు మూత మధ్యలోని చిన్న వాల్వు తెరుచుకుని, వెళ్లిన కూలెంట్ డబ్బా నుంచి వెనక్కి వస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కారులో డబ్బా మట్టం వేడి మీద కాస్త పైకి, చల్లారాక కాస్త కిందికి ఉంటుంది. మీ కారులో కూలెంట్ డబ్బాలోకి వెళ్తోంది, తిరిగి రావడం లేదు. వెనక్కి లాగే వేళ దాని బదులు గాలి వస్తోంది. గాలి లోపలికి వచ్చే సందు దగ్గర నేల తడవదు, అందుకే మీకు చుక్క కనిపించలేదు.

ఇదే లక్షణంతో ఒకసారి నా చేతికి వచ్చిన కారు మీద రెండు రోజులు గడిచిపోయాయి. పీడన పరీక్షలో ముల్లు కదల్లేదు, మూత కొత్తది, వాటర్ పంపు పొడిగా ఉంది. మూడో రోజు పొద్దున ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ మెడ (మూత బిగించే చోటు) నుంచి డబ్బాకు వెళ్లే సన్న గొట్టాన్ని వేలితో వంచి చూశాను. మెడకు తొడిగిన కొన దగ్గర గోటితో గీసినంత పగులు కనిపించింది. గొట్టం తిన్నగా ఉంటే అది మూసుకుపోతుంది, వంచితే నోరు తెరుస్తుంది. దాని చుట్టూ ఉప్పు పేరినట్టు ఎండిన ఆకుపచ్చ పొడి, చిటికెడు కూడా లేదు. కూలెంట్ డబ్బాలోకి వెళ్లేటప్పుడు ఆ పగులులోంచి కాస్త చెమర్చి వేడికి అక్కడికక్కడే ఆరిపోయేది. చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంట్‌ను పైకి లాగడం కన్నా ఆ పగులులోంచి గాలిని లాక్కోవడం వ్యవస్థకు తేలిక, అదే జరిగేది. పీడన పరీక్షలో అది దొరకకపోవడానికీ కారణం ఉంది. ఆ యంత్రాన్ని మూత స్థానంలో బిగిస్తారు, దాంతో సన్న గొట్టం పరీక్షకు బయటే మిగిలిపోతుంది. కొనను రెండు సెంటీమీటర్లు కోసి మళ్లీ తొడిగితే సమస్య పోయింది.

మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి. ఆ గొట్టాన్ని రెండు వైపులా ఊడదీసి, కడిగి, ఒక కొన మూసి, బకెట్టు నీళ్లలో ముంచి, రెండో కొన నుంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. నోటితో ఊదవద్దు, కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. బుడగ వస్తే దొరికినట్టే. తరవాత డబ్బా లోపలికి చూడండి. గొట్టం కొన ఎప్పుడూ కూలెంట్‌లో మునిగి ఉండాలి. కొన్ని డబ్బాల్లో లోపలి ప్లాస్టిక్ గొట్టం విరిగి అడుగున పడిపోయి ఉంటుంది, పై నుంచి చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

గొట్టం తరవాత మూత. దానికి రెండు రబ్బరు వలయాలు ఉంటాయి. కిందిది పీడనాన్ని ఆపుతుంది, అందరూ దాన్నే చూస్తారు. పైది మెడ అంచు మీద కూర్చుని బయటి గాలిని ఆపుతుంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. పై వలయం గట్టిపడినా, మెడ అంచుకు సొట్ట పడినా వెనక్కి లాగే సమయంలో గాలి అక్కడి నుంచి వస్తుంది. మధ్యలోని చిన్న వాల్వును గోటితో లాగి వదిలితే స్ప్రింగులా వెనక్కి వెళ్లాలి. అది తుప్పుతో బిగుసుకుపోతే ఇంకో సూచన కనిపిస్తుంది, పొద్దున బోనెట్టు ఎత్తితే రేడియేటర్ పై గొట్టం చొట్టపోయి నొక్కుకుపోయి ఉంటుంది. సందేహం ఉంటే మూత మార్చేయండి, కానీ అంకె మాత్రం పాతదాని మీద ఉన్నదే ఉండాలి. ఎక్కువ అంకె మూత పెడితే మరింత రక్షణ అనుకుని పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచు ఊడవచ్చు. మూత విలువ తెలియాలంటే ఈ లెక్క చాలు. 1 బార్ అదనపు పీడనం కింద మామూలు నీరు మరిగేది 120 డిగ్రీల దగ్గర, సగం సగం కలిపిన కూలెంట్ అయితే దాదాపు 129 దగ్గర. మూత పీడనం పట్టకపోతే అదే మిశ్రమం 107 దగ్గరే మరిగిపోతుంది.

మూత రేడియేటర్ మీద లేకుండా ప్లాస్టిక్ ట్యాంకు మీదే ఉండే కార్లలో ఈ లెక్క వేరు. అక్కడ ట్యాంకు కూడా పీడనంలోనే ఉంటుంది, గాలి దానంతట అది ట్యాంకు పైభాగానికి చేరాలి. రేడియేటర్ పైనుంచో ఇంజన్ పైనుంచో ట్యాంకుకు వచ్చే పెన్సిలంత సన్న గొట్టం పూడుకుపోతే గాలి బయటికి రాదు. వాటిలో ముందు చూడాల్సింది అదే.

ఇక మీరు మార్చిన కింది గొట్టం. మీ పనిని తప్పుపట్టడానికి కాదు గానీ, సమస్య మొదలైంది ఆ రోజే కాబట్టి దాన్ని వదలకూడదు. చాలా కార్లలో కింది గొట్టం పంపు పీల్చే వైపు ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉండి ఇంకా పీడనం పుట్టకముందు గట్టిగా రేజ్ చేస్తే ఆ గొట్టంలో పీడనం బయటి గాలి కన్నా తగ్గగలదు. క్లిప్పు వదులుగా ఉంటే అక్కడ కారదు, గాలి పీలుస్తుంది. గొట్టం తీసి లోహపు మూతి మీద వేలు రాసి చూడండి. పాత గొట్టం రబ్బరు పొర, తెల్లటి తుప్పు గరుకుగా తగిలితే సన్న ఎమరీ కాగితంతో నునుపు చేయాలి. మూతి చివర చిన్న గట్టు ఉంటుంది, క్లిప్పు ఆ గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి. గట్టు మీదే బిగిస్తే ఎంత తిప్పినా పట్టదు. స్క్రూ క్లిప్పును ఒక్కసారిగా బలంగా బిగించకండి, రబ్బరు తెగుతుంది. బిగించి, ఇంజన్ ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక ఇంకొంచెం బిగించండి.

ఇవన్నీ బాగున్నాయని తేలితే పీడన పరీక్ష చేయాలి. చేతి పంపు, మీటరు ఉన్న ఈ పరికరం చాలా వర్క్‌షాపుల్లో ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉండగా మూత మీది అంకె వరకే పంపు కొట్టి, 15 నిమిషాలు వదిలేయాలి. ముల్లు దిగితే ఎక్కడో పోతోంది. ఈ పరీక్ష వేడి మీదే చేయాలని కొందరు పట్టుబడతారు గానీ, చల్లటి ఇంజన్‌లోనే బయటపడే లీకులు చాలా ఉన్నాయి. రబ్బరూ లోహమూ ఒకేలా కుంచించుకోవు, చల్లారాక వాటి మధ్య సందు ఏర్పడి వేడెక్కాక మూసుకుపోతుంది. వీలైతే రెండు విధాలుగానూ చూడండి.

బయట వెతికేటప్పుడు చుక్క కోసం కాకుండా మరక కోసం చూడాలి. కూలెంట్ వేడి లోహం మీద పడి ఆరిపోతుంది, రంగుపొడి మిగులుతుంది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత, థర్మోస్టాట్ (వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) గూడు అంచు, హీటర్ గొట్టాలు ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడను దాటే చోటు చూడండి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే కూలెంట్ బయటపడేందుకే దాన్ని పెట్టారు. అక్కడ పాత మరక ఉంటే ఫర్వాలేదు. తడి చార ఉంటే పంపు మార్చాల్సిందే, ఆ రంధ్రాన్ని ఏ జిగురుతోనూ మూయకండి. ఏసీ నుంచి కారే నీటిని చూసి కంగారుపడేవాళ్లు కూడా ఉన్నారు. వేళ్ల మధ్య రాస్తే నీరు నీరులాగే ఉంటుంది, కూలెంట్ జారుడుగా, తియ్యని వాసనతో ఉంటుంది.

హీటర్ కోర్, అంటే డాష్‌బోర్డు వెనక హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్, కారితే కారు కింద ఏమీ కనిపించదు. ముందు సీటు దగ్గర కార్పెట్ కింద చేయి పెడితే తడి తగులుతుంది, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొగమంచులా పడుతుంది.

ఇప్పుడు అందరూ భయపడే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు. మీ లక్షణాలను బట్టి నా మొదటి అనుమానం దాని మీద లేదు, అయినా తోసిపుచ్చకూడదు. గ్యాస్కెట్ దెబ్బతింటే సిలిండర్‌లో మండిన వాయువులు నేరుగా కూలెంట్‌లోకి వస్తాయి, కూలెంట్‌ను డబ్బాలోకి నెడతాయి. మీ డబ్బా మట్టం పెరగడానికి అది కూడా కారణం కావచ్చు. ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. రాత్రంతా ఆపి ఉంచిన కారు మూత తెరిచి మళ్లీ బిగించి, స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లో పై గొట్టాన్ని నొక్కి చూడండి. ఇంకా వేడే పుట్టలేదు కాబట్టి మెత్తగా ఉండాలి. అప్పుడే రాయిలా బిగుసుకుపోతే లోపలికి వాయువు వస్తోంది. నిర్ధారణకు నీలం ద్రవం పరీక్ష ఉంది. రేడియేటర్ మెడ మీది గాలిని ఆ ద్రవం గుండా పీలిస్తే, మండిన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పెట్రోల్ ఇంజన్‌లో పసుపు రంగుకు మారుతుంది. డీజిల్‌లో ఆకుపచ్చ దగ్గరే ఆగవచ్చు. పరీక్షకు ముందు మట్టం కాస్త తగ్గించండి, కూలెంట్ ఆ ద్రవంలో కలిస్తే ఫలితం చెడిపోతుంది. రంగు మారకపోతే నిశ్చింతగా మిగతావి వెతకండి. మారితే మాత్రం గాలి తీసే పని ఆపేయండి, ఇంజన్ నడుస్తున్నంతసేపూ అది చేరుతూనే ఉంటుంది.

దారి మూశాక గాలి తీయడం గురించి. మీరు మూత తెరిచి పది నిమిషాలు నడిపి మూసేశానని రాశారు. అది సరిపోదు. ఎందుకంటే థర్మోస్టాట్ ఇంకా తెరుచుకోలేదు. దాని లోపల మైనం ఉంటుంది, కూలెంట్ 82 నుంచి 95 డిగ్రీల మధ్య, కారును బట్టి, వేడెక్కితే ఆ మైనం కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది. అప్పటిదాకా ఇంజన్ వైపు గాలి రేడియేటర్ వైపు రాలేదు. థర్మోస్టాటే గాలిలో ఉండిపోతే దానికి వేడి అందక ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటుంది. కొన్ని థర్మోస్టాట్ల అంచున గాలి జారిపోయేందుకు ఊగే చిన్న మొల ఉంటుంది. నిలువుగా బిగించే వాటిలో అది పై వైపు ఉండాలి. ఎప్పుడైనా థర్మోస్టాట్ మార్చి ఉంటే ఇది సరిచూసుకోండి, కిందికి పెడితే గాలికి ఆ దారి మూసినట్టే.

కారు చల్లగా ఉండగా, రేడియేటర్ మెడ అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా ముందు చక్రాలను ఏటవాలు మీదికి ఎక్కించండి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, ఫ్యాను తక్కువలో పెట్టండి. థర్మోస్టాట్ గూడు మీదో హీటర్ గొట్టం మీదో గాలి స్క్రూ ఉంటే తెరిచి, బుడగలు లేని ధార వచ్చేదాకా మెల్లగా పోసి మూయండి. ఆ స్క్రూ చాలాసార్లు ప్లాస్టిక్‌దే, రెండు వేళ్ల బలం చాలు. తరవాత మెడలో గట్టిగా కూర్చునే పెద్ద గరాటు పెట్టి, దాన్ని సగం దాకా కూలెంట్‌తో నింపి స్టార్ట్ చేయండి. గరాటులోని ద్రవం వ్యవస్థలోని ప్రతి చోటు కన్నా ఎత్తున ఉండటమే ఇక్కడ కీలకం, గాలి పైకి వచ్చిన చోటును అది వెంటనే నింపుతుంది. రేడియేటర్ ఫ్యాను దగ్గరికి చేయి పోనీయకుండా, పై గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని పిసుకుతూ ఉండండి. మొదట చిన్న బుడగలు వస్తాయి. చల్లగా ఉన్న పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కిన క్షణం థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, గరాటు గుటక వేసినట్టు మట్టం దిగి, పెద్ద బుడగ ఒకటి పైకి తన్నుతుంది. అక్కడితో అయిపోయిందనుకుని ఆపకండి. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి, మధ్యలో ఇంజన్‌ను నిమిషానికి 2,000 నుంచి 2,500 చుట్ల వేగంలో ఒక నిమిషం పట్టండి. గరాటులో కూలెంట్ పొంగి పైకి ఎగిసేలా ఉంటే వెంటనే ఆపండి. చివరగా, చాలామంది తొందరపడే చోటు ఇది, గరాటు అలాగే ఉంచి ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. కుంచించుకునేటప్పుడు అది గరాటు నుంచి ఇంకా పీల్చుకుంటుంది. గంటలు పట్టినా అప్పుడే మూత పెట్టాలి.

హీటర్ రెండు గొట్టాలనూ వేడి మీద జాగ్రత్తగా తాకితే గాలి పోయిందో లేదో తెలుస్తుంది. రెండూ దాదాపు ఒకే వేడిలో ఉంటే కోర్‌లో కూలెంట్ తిరుగుతోంది. ఒకటి కాలుతూ ఇంకొకటి గోరువెచ్చగా ఉంటే ఇంకా గాలి ఉంది, లేదా కోర్ పూడుకుంది. ఎలక్ట్రిక్ పంపు ఉన్న కార్లకు, హైబ్రిడ్ కార్లకు వేరే క్రమం ఉంటుంది, కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే చేయండి.

ఈసారి కొలత రాసుకోండి. దింపిన కూలెంట్ 4.5 లీటర్లు, మళ్లీ పట్టింది 3.8 లీటర్లే అయితే మిగతా 0.7 లీటరు చోటులో గాలి ఉంది, లేదా దింపకముందే అంత ఎక్కువ ఉంది. ఏ చప్పుడూ లేకపోయినా ఈ అంకె నిజం చెబుతుంది.

పోస్తున్నది కూలెంటేనా, నీళ్లా అన్నది కూడా ముఖ్యం. రోజూ తగ్గినప్పుడల్లా నీళ్లు పోస్తూ వచ్చానని కూడా రాశారు కాబట్టి మిశ్రమం పలచబడి ఉంటుంది, తుప్పును ఆపే మందు తగ్గిపోతుంది. ఆరు లీటర్లు పట్టే వ్యవస్థను కడిగి దింపినా బ్లాకులో కొంత నీరు మిగిలే ఉంటుంది. అందుకే చిక్కటి కూలెంట్ మూడు లీటర్లు ముందే పోసి, ఆపై డిస్టిల్డ్ నీటితో నింపండి. అప్పుడే సగం సగం అవుతుంది. రంగు చూసి కొనకండి, ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి. కారు పుస్తకంలో రాసిన ప్రమాణం సీసా మీద ఉందో లేదో చూడండి.

లీకు ఆపే పొడి, ద్రవం వేయమని మీకు ఎవరో సలహా ఇచ్చారన్నారు. నా కారులో నేను వేయను, మీ కారులోనూ వద్దు. పగులు ఎక్కడుందో దానికి తెలియదు, సన్నగా ఉన్న ప్రతి దారిలోనూ చేరుతుంది. హీటర్ కోర్ గొట్టాలు, గాలి బయటికి పోయే సన్న గొట్టం, మూతలోని చిన్న వాల్వు మొదట బలవుతాయి. పైగా మీ సమస్య గాలి లోపలికి రావడం, దానికి ఆ మందుతో ఉపయోగమే లేదు.

వేడి మీద మూత మాత్రం ఏ పరిస్థితిలోనూ తెరవకండి. పీడనం పోగానే 110 డిగ్రీల్లో ప్రశాంతంగా ఉన్న ద్రవం ఒక్క క్షణంలో మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడి, నొక్కితే మెత్తగా ఉంటేనే ముట్టుకోండి. ఇంజన్ ఆపి ఉన్నా కొన్ని కార్లలో ఫ్యాను దానంతట అదే తిరగగలదు. దింపిన కూలెంట్‌ను తెరిచిన పళ్లెంలో వదిలేయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు తాగి చనిపోతాయి.

పని పూర్తయ్యాక డబ్బా మీద చల్లటి మట్టం దగ్గర ఒక గీత పెట్టండి. మూడు రోజులు పొద్దునే, స్టార్ట్ చేయకముందు, డబ్బా గీతను, మూత తీసి రేడియేటర్ మెడలోని మట్టాన్ని చూడండి. మొదటి రెండు రోజుల్లో మిగిలిన బుడగలు బయటపడి డబ్బా మట్టం పావు లీటరు దాకా దిగవచ్చు, మెడలో మాత్రం అంచుదాకా నిండుగా ఉండాలి. మూడో రోజు కూడా మెడ ఖాళీగా కనిపిస్తే కారు తీయకుండా నీలం ద్రవం పరీక్ష చేయించి, ఏ రోజు ఎంత దిగిందో, రంగు మారిందో లేదో రాయండి. అక్కడి నుంచి మళ్లీ చూద్దాం.